రేబాన్ పేరుకా, కంటికా?

వచ్చే నెల మా పదో తరగతి బ్యాచ్ కలుస్తోంది. పాతికేళ్ల తర్వాత! వాట్సాప్ గ్రూపులో రోజూ ఒకటే హడావుడి. ఒకడు డాలస్ నుంచి వస్తున్నాడట, ఇంకొకడు దుబాయ్ నుంచి. నేను వెళ్లేది హైదరాబాద్ నుంచి, అదీ రైలు టికెట్ దొరికితే. మంచి చొక్కా ఉంది, బూట్లున్నాయి. కళ్లకు ఓ రేబాన్ కూడా ఉంటే ఆ లెక్కే వేరనిపించింది.

షోరూంలో అడిగితే 8 వేల పైమాటే అన్నారు. బాబు స్కూలు బస్సు ఫీజు గుర్తొచ్చి, వచ్చిన దారినే బయటికొచ్చేశా.

ఆ సాయంత్రమే కోఠిలో ఫుట్‌పాత్ మీద రేబాన్ మళ్లీ కనిపించింది. అదే బంగారు రంగు ఫ్రేము, అద్దం మూలన అవే తెల్లటి అక్షరాలు. "ఫస్ట్ కాపీ అన్నా. షోరూం మాల్‌కి దీనికి ఫరక్ ఎవ్వడూ పట్టలేడు. 400 ఇయ్యి" అన్నాడు కుర్రాడు. పెట్టుకుని చేతి అద్దంలో చూసుకున్నా. నిజం చెప్పొద్దూ, బాగానే ఉన్నా! 250కి బేరం కుదిరింది. జేబులో చెయ్యి పెట్టేసరికి ఫోన్ మోగింది. నాన్న.

"ఒరేయ్, వచ్చేటప్పుడు నా కంటి చుక్కలు తేవడం మర్చిపోకు."

నాన్న కరెంటు లైన్‌మన్‌గా చేశారు. ముప్ఫై ఏళ్లు మిట్టమధ్యాహ్నం స్తంభాలెక్కి పనిచేసిన మనిషి. మొన్ననే రెండో కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. "వయసే పెద్ద కారణం. ఏళ్ల తరబడి కళ్లలో పడ్డ ఎండ కూడా దానికి తోడవుతుంది" అన్నారు డాక్టరు గారు. సంతలో కొన్న నల్లద్దాలు పెట్టుకునేవాణ్ణని నాన్న చెబితే, "నల్లగా ఉంటే సరిపోదండీ. అద్దం నలుపుకి కనుపాప ఇంకా విచ్చుకుంటుంది. యూవీ కిరణాల్ని ఆపే గుణం ఆ అద్దానికి లేకపోతే, అవి ఎక్కువగా లోపలికి పోతాయి" అన్నారు.

చేతిలోని కళ్లద్దాల వంక మళ్లీ చూశా. మీద 'యూవీ 400' అని స్టిక్కర్ ఉంది. అంటే 400 నానోమీటర్ల వరకూ కిరణాల్ని ఆపుతుందని. ఆపుతుందేమో కూడా! చవకైన ప్రతి అద్దమూ చెడ్డది కాదు. కానీ పెద్ద అక్షరాల్లో రాసిన పేరే అబద్ధమైనప్పుడు, చిన్న స్టిక్కర్ మీది మాట నిజమని ఎలా నమ్మడం?

రేబాన్ పుట్టిందే పైలట్ల కళ్లను ఎండ నుంచి కాపాడటానికి, 1930లలో, అమెరికాలో. రే అంటే కిరణం, బాన్ అంటే నిషేధం. మనవాళ్లు ఇంకా ముచ్చటగా 'చలువ కళ్లద్దాలు' అన్నారు. నేను కొనబోతున్నది ఆ చలువను కాదు, పక్కవాడు చదివే పేరును.

ఇంకో సంగతి. దొంగ బ్రాండు సరుకు అమ్మితే ట్రేడ్‌మార్క్ చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. పోలీసులొస్తే ఇరుక్కునేది ఆ కుర్రాడు. నేను మాత్రం దర్జాగా ఫొటోలు దిగుతుంటాను.

"ఏమన్నా, 200 ఇయ్యి" అన్నాడు. వద్దులే తమ్ముడూ అని ఇచ్చేశా. కాస్త బాధగానే.

మర్నాడు మా వీధిలోని కళ్లద్దాల షాపుకెళ్లా. పేరూ ఊరూ లేని జత తీసి, చిన్న మిషన్‌లో పెట్టి, యూవీ ఆపుతోందని చూపించారు. 900. నాన్నకూ ఓ జత తీసుకున్నా. రెండూ కలిపినా షోరూం ధరలో పావు వంతు కూడా కాలేదు. మీరూ కొనేముందు ఇలా పరీక్ష చేసి చూపించమని అడగండి. తెలిసిన షాపయితే కాదనరు.

నాన్న పెట్టుకుని వాకిట్లోకి వెళ్లి, ఎండలో నిలబడ్డారు. "ఏ కంపెనీరా?"

"కంపెనీ ఏం లేదు నాన్నా."

"హాయిగా ఉందిరా" అన్నారు.

డాలస్ వాడూ అదే ప్రశ్న అడుగుతాడు. వాడికీ ఇదే జవాబు చెప్పాలని రోజూ అద్దం ముందు ప్రాక్టీసు చేస్తున్నా. ఇంకా కొంచెం తడబడుతున్నా.