బోర్డు మీద తారీఖు, అత్తమ్మ నోట్లో పాట

అవుకు అంటే బయటివాళ్ళకు రిజర్వాయరే. వస్తారు, బోటెక్కుతారు, నాలుగు ఫోటోలు తీసుకుని పోతారు. 2019లో ‘సైరా నరసింహారెడ్డి’ సినిమా వచ్చాక మాత్రం ‘సుదీప్ వేసిన అవుకు రాజు మీ ఊరాయనేనా?’ అని చుట్టాలంతా ఫోన్లు చేశారు. మా ఊరి చుట్టూ పాట కోసం తిరిగి చూడదగ్గ చోట్లు ఉన్నాయన్న ఆలోచన పుట్టించింది మాత్రం అమెరికాలో ఉండే మా తమ్ముడి కూతురు.

ఆ పిల్ల మిసిసిపి రాష్ట్రంలో క్లార్క్స్‌డేల్ అనే చిన్న ఊరికి వెళ్ళి ఫోటోలు పంపింది. బ్లూస్ పాటలకు పేరుపడ్డ ఊరట అది. పత్తి చేలల్లో కౌలుకు బతికిన నల్లజాతి కూలీలు కష్టం చెప్పుకుంటూ పాడుకున్న పాటలే బ్లూస్. మడ్డీ వాటర్స్ అనే గాయకుడు ట్రాక్టర్ నడుపుకుంటూ బతికిన రోజుల్లో, 1941లో, ఆలన్ లోమాక్స్ అనే ఆయన వాళ్ళింటికి వెళ్ళి పాట రికార్డు చేశాడు. ఆ కట్టెల ఇంటిని ఇప్పుడు మ్యూజియంలో పెట్టారు. 2006 నుంచి ఆ రాష్ట్రమంతటా బ్లూస్ గుర్తుగా బోర్డులు పాతుతూ వచ్చారు. రెండొందలు దాటాయి. ‘అత్తా, మన పక్క ఇట్లాంటివి లేవా?’ అని అడిగింది.

ఎందుకు లేవు? మాదీ నల్లరేగడే, మాదీ పత్తి నేలే. రేనాడు అంటేనే పాటల నాడు. ఒక ఆదివారం మా ఆయన కారు తీశారు. నేను, మా అమ్మాయి, అత్తమ్మ బయల్దేరాం. అత్తమ్మకు డెబ్బై ఎనిమిదేళ్ళు. పుట్టిల్లు కోయిలకుంట్ల పక్క పల్లె. ఒకప్పుడు కలుపు తీసేటప్పుడు ఆమె పాట అందుకుంటే నలభై మంది వంత పాడేవాళ్ళని ఊళ్ళో ఇప్పటికీ చెప్తారు. మామయ్య పోయినప్పటి నుంచి, అంటే ఆరేళ్ళుగా, ఆమె నోరు విప్పి పాడింది లేదు. ‘మొగుడు పోయినదానికి పాటేందని అంటారు’ అనేది. ఎవరూ అనలేదు. అయినా ఆమె పాడలేదు.

మొదట బెలుం గుహలకు పోయాం. కొలిమిగుండ్ల మండలమే, మాకు పక్కనే. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ గుహల్లో సప్తస్వరాల గుహ అని ఒకటుంది. పైనుంచి వేలాడే సున్నపురాతి ఊడల్ని కర్రతోనో వేలి కణుపుతోనో తడితే లోహం మోగినట్టు మోగుతాయి. అత్తమ్మ మెట్లు దిగలేనని పైనే కూర్చుంది. వచ్చి చెప్తే, ‘రాయి పాడ్తాదా? తట్టేవాడు పాడిస్తాడు గాని’ అంది.

అక్కణ్ణుంచి బనగానపల్లె. ఉగ్గాని, బజ్జీ తిని రవ్వలకొండకు పోయాం. పోతులూరి వీరబ్రహ్మంగారు గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాస్తూ, ఈ కొండ గుహలో కాలజ్ఞానం రాశారని చెప్తారు. కాలజ్ఞానం అందరికీ తెలుసు. నాకు ముఖ్యం ఆయన పేరు మీద నడిచే తత్వాలు. డిగ్రీలో తెలుగు చదివిన రోజుల్లో వాటిని వేదాంతమనుకుంటూ చదివాను. ఇక్కడ మాత్రం ఏకతార మీద పాడుకుంటూ ఊరూరా తిరిగే బైరాగుల నోట, చావు ఇంట్లో రాత్రంతా కూర్చునే భజన వాళ్ళ నోట వింటాం. ఈ ఒళ్ళు నీది కాదు, ఈ ఇల్లు నీది కాదు అని చెప్పే పాట ఏడ్చే ఇంటికి ఓదార్పు ఎట్లా అవుతుందో అప్పుడు తెలుస్తుంది.

మధ్యాహ్నానికి కోయిలకుంట్ల చేరాం. అసలు పాట ఇక్కడిదే. దత్తమండలాలు 1800లో కుంపిణీ చేతికి పోయాక పాలెగాళ్ళ పెత్తనం తీసేసి భరణాలు ఇచ్చారు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వాటాకు వచ్చిన తవర్జీ నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. 1846లో ఆయన తిరగబడి కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. వడ్డె ఓబన్న లాంటివాళ్ళు వెంట నడిచారు. 1847 ఫిబ్రవరి 22న ఇదే ఊళ్ళో ఉరి తీశారు. తలను ముప్పై ఏళ్ళ పాటు కోట బురుజుకు వేలాడదీశారని చెప్తారు.

జుర్రేరు ఒడ్డున నిలబడి మా అమ్మాయి ఇదంతా ఫోన్లో చూసి చదివింది. అత్తమ్మ విన్నది. ‘తారీకులు నాకు తెలీవు మే. ఆ పొద్దు ఊళ్ళో ఒక్క ఇంట్లో పొయ్యి ఎలగలేదంట. మా అవ్వ చెప్పేది’ అంది.

‘పాడు అవ్వా, రికార్డ్ చేస్తా’ అంటూ అమ్మాయి ఫోన్ ముందుకు పెట్టింది.

‘మనిషిని ఉరి తీసిన కాడ నిలబడి పాటేంది? పాండి ఇంటికి’ అని కారెక్కింది.

మా అమ్మాయి ముఖం చిన్నబోయింది. నేనూ బలవంతం చేయలేదు.

మూడో రోజు సాయంత్రం పంచలో కూర్చుని నేనూ అత్తమ్మా చెనిక్కాయలు ఒలుస్తున్నాం. చేతులు ఆడుతున్నాయి. ముందు చిన్న కూనిరాగం వినిపించింది. తర్వాత మాటలు. నేను తలెత్తలేదు. తలెత్తితే ఆపేస్తుందని భయం. సినిమాలో చూసిన యుద్ధం అందులో లేనేలేదు. ఇంట్లో తల్లి, పెళ్ళాం, ఎదురుచూపు, చల్లారిన పొయ్యి. చాటలో కాయలు అయిపోయేదాకా పాడింది. అయిపోగానే, ‘ఇంకో చాట తే’ అంది. పరుగున పోయి తెచ్చాను. లోపల మా అమ్మాయి చదువు ఆపి, తలుపు వారన కూర్చుని వింటోంది. ఆ రోజు ఎవరం ఫోన్ తీయలేదు.

ఇదంతా మేనకోడలికి చెప్తే, చార్లీ ప్యాటన్ సంగతి చెప్పింది. మిసిసిపిలో పాతిన మొదటి బోర్డు ఆయనదేనట. 1927లో వచ్చిన పెద్ద వరద మీద ఆయన పాట కట్టాడు. వరద ఎప్పుడొచ్చిందో పుస్తకాలు చెప్తాయి, నీళ్ళు ఇంట్లోకొస్తే మనిషి ఎటు పరిగెత్తాడో పాట చెప్తుంది. మన దగ్గరా తంగిరాల వెంకట సుబ్బారావుగారు ఊళ్ళు తిరిగి పాటలు సేకరించి, నరసింహారెడ్డినీ కరువులో గంజి పోసిన బుడ్డా వెంగళరెడ్డినీ ‘రేనాటి సూర్యచంద్రులు’గా పుస్తకంలో నిలబెట్టారు. ఆ పుణ్యం ఆయనది. మన ఇంట్లో ఉన్న పాటను నిలబెట్టే పని మనది.

మీరూ మా పక్కకు వస్తే బెలుం, రవ్వలకొండ, కోయిలకుంట్ల ఒక్క రోజులో చూడొచ్చు. ఎండాకాలం వద్దు, చలికాలం రండి. ఇంట్లో పెద్దవాళ్ళను కూడా తీసుకురండి. అక్కడ పాడమని మాత్రం అడగొద్దు. ఇంటికి పోయాక చేతికి ఒక చాట ఇవ్వండి. మీరూ పక్కన కూర్చుని ఒలవండి. పాట దానంతట అదే వస్తుంది.