ఎడారిలో ఆరు వారాలు: కరెంటుకో పద్దు

అమెరికాలో అరిజోనా రాష్ట్రం పడమటి అంచున క్వార్ట్‌సైట్ అనే చిన్న ఊరుంది. ఫీనిక్స్ నగరం నుంచి ఐ-10 రహదారి మీద కాలిఫోర్నియా వైపు రెండు గంటల ప్రయాణం. 2020 జనాభా లెక్కల్లో ఇక్కడి జనం రెండున్నర వేల లోపే. మండు వేసవిలో వెళితే పలకరించే మనిషి కూడా కనబడడు. అదే సంక్రాంతి రోజుల్లో వెళ్ళి చూడండి, తిరునాళ్ళే! మంచు కురిసే ఉత్తరాది రాష్ట్రాల నుంచి, కెనడా నుంచి, ఉద్యోగాలు చేసి రిటైరైన పెద్దవాళ్ళు ఇళ్ళనే చక్రాల మీద వేసుకుని దిగిపోతారు. రంగురాళ్ళ సంతలు, పాత సామాన్ల అంగళ్ళు, జనవరిలో ఆర్‌వీల ప్రదర్శన... ఊరంతా కళకళలాడుతుంది.

ఆర్‌వీ అంటే తెలుసుగా? మంచం, వంటిల్లు, బాత్‌రూమ్ అన్నీ అమర్చిన బండి. కొన్నింటిని కారు వెనక తగిలించి లాక్కెళతారు, కొన్నింటికి సొంత ఇంజనుంటుంది. మాది రెండో రకం. మా అబ్బాయి ఫీనిక్స్‌లో ఉంటాడు. వాడి దగ్గరికి వచ్చాక సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం.

ఊళ్ళో చూడదగ్గది ఒక సమాధి. చిన్న పిరమిడ్, దాని మీద రాగి ఒంటె బొమ్మ! 1850లలో అమెరికా సైన్యం ఎడారుల్లో సామాన్లు మోయడానికి ఒంటెలను తెప్పించింది. వాటి వెంట వచ్చిన ఒంటెలవాడు హాజీ అలీ. ఆ పేరు పలకడం చేతకాక ఇక్కడివాళ్ళు ‘హై జాలీ’ అనేశారు. 1902లో ఇక్కడే కన్నుమూశాడు. ఈ పిరమిడ్ 1935లో కట్టారు. అంత దూరం నుంచి వచ్చి, నీళ్ళు దొరకని చోట బతుకు వెళ్ళదీసిన ఆ మనిషికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

అన్నీ ఉన్నాయి, కరెంటు తప్ప

ఊరికి దక్షిణంగా లా పోసా అనే ప్రభుత్వ స్థలం ఉంది. పదకొండు వేల ఎకరాల పైచిలుకు ఎడారి. చలికాలమంతా ఒకేచోట ఉండదలచినవాళ్ళ కోసం 1983లో ఇలాంటి స్థలాలను ఏర్పాటు చేశారు. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా సీజను. రుసుము కట్టి పర్మిట్ తీసుకుంటే నెలల తరబడి ఉండొచ్చు. మంచినీళ్ళు పట్టుకోవచ్చు, మురుగు ట్యాంకు ఖాళీ చేసుకోవచ్చు, చెత్త పారేయొచ్చు. కరెంటు మాత్రం ఉండదు. ఎవరి కరెంటు వాళ్ళే తెచ్చుకోవాలి, లేదా అక్కడే సంపాదించుకోవాలి.

2024 జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆరు వారాలు అక్కడ ఉన్నాం. నాకు దీపాలు లేకపోయినా ఫరవాలేదు, టీవీ అసలే అక్కర్లేదు. మా వారి సంగతి వేరు. ఆయనకి నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు, స్లీప్ ఆప్నియా. రాత్రిళ్ళు ముక్కుకి మాస్కు పెట్టుకుని సీప్యాప్ మెషిన్ వేసుకోవాలి. ఒక్క రాత్రి కూడా మానొద్దని డాక్టరుగారి మాట. కాబట్టి సాయంత్రానికి బ్యాటరీలో ఎంత మిగిలిందనేది మాకు సుఖానికి సంబంధించిన ప్రశ్న కాదు, ఆయన ఊపిరికి సంబంధించింది.

రాబడి, ఖర్చు

ఇంటి పద్దు రాసే చేతికి ఈ లెక్క ఏమంత కష్టం కాదు. కరెంటు బిల్లులో యూనిట్ అని చూస్తాం కదా, వెయ్యి వాట్లు ఒక గంట వాడితే ఒక యూనిట్. అమెరికాలో మామూలు ఇల్లు సగటున రోజుకి 30 యూనిట్ల దాకా కాలుస్తుంది. మా బండి మీద 400 వాట్ల సోలార్ ప్యానెళ్ళున్నాయి. జనవరిలో పగలు చిన్నది, సూర్యుడు దక్షిణం వైపు కిందుగా వెళ్ళిపోతాడు. ప్యానెళ్ళను కప్పు మీద పడుకోబెట్టి ఉంచితే రోజంతటికీ వచ్చేది సుమారు ఒక యూనిట్. దక్షిణానికి వాల్చి నిలబెడితే ఒకటిన్నర దాటుతుంది. వాటి మీద నీడ కొంచెం పడినా చాలు, రాబడి బాగా పడిపోతుంది. ఎడారి దుమ్ము సరేసరి. పొద్దున్నే తడిగుడ్డతో తుడవడం మా వారి డ్యూటీ.

ఇక దాచుకునే డబ్బా. మావి 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీలు రెండు. నిండుగా ఉంటే రెండున్నర యూనిట్లు. పాతరకం లెడ్ యాసిడ్ బ్యాటరీలైతే సగానికి మించి వాడకూడదు, త్వరగా పాడవుతాయి. లిథియం వాటిని చాలావరకు వాడుకోవచ్చు గాని, గడ్డకట్టే చలిలో ఛార్జి చేయకూడదు.

ఖర్చు పద్దు ఇలా తేలింది. ఫ్రిజ్‌కి రోజుకి అర యూనిట్. రాత్రి చలి 5 డిగ్రీల దాకా దిగుతుంది కాబట్టి గ్యాసు హీటరు వేస్తాం. మంట గ్యాసుదే అయినా వేడిగాలిని నెట్టే ఫ్యాను కరెంటుదే, అది మూడు గంటలు తిరిగితే 300 వాట్ అవర్లు. సీప్యాప్‌కి ఎనిమిది గంటలకి ఇంచుమించు మరో 300. దీపాలు, నీళ్ళ పంపు, ఫోన్లు కలిపి 150. మొత్తం ఒకటింబావు యూనిట్. ప్యానెళ్ళు పడుకుని ఉంటే రోజూ పావు యూనిట్ అప్పు, నిలబడితే కాస్త మిగులు! ఆరు వారాలు ఉండాలంటే ఆ పావు యూనిట్ దగ్గరే ఉంది కిటుకంతా. రెండు రోజుల విహారానికి వచ్చినవాళ్ళకి అప్పు తెలియదు, ఇంటికి వెళ్ళి తీర్చుకుంటారు. కాపురం పెట్టినవాళ్ళకి ఏ రోజు ఖర్చు ఆ రోజు రాబడిలో సరిపోవాలి.

సీప్యాప్‌లో ఒక చిక్కుంది. గాలిని తడిపే నీళ్ళ తొట్టెని వేడి చేసే ఏర్పాటు వేసుకుంటే కరెంటు రెట్టింపవుతుంది. ఎడారి గాలి పొడి, వేడి లేకపోతే ముక్కు ఎండుతుందని ఆయన గొడవ. ముందు డాక్టరుగారిని అడిగి, తొట్టెలో నీళ్ళు పోసి వేడి మాత్రం ఆపాం. రెండు రాత్రులు గొణిగారు, మూడో రాత్రికి అలవాటయింది. దాన్ని ఇన్వర్టరు మీద కాక, ఆ కంపెనీ మెషిన్ కోసమే అమ్మే డీసీ వైరుతో నేరుగా బ్యాటరీకి కలిపాం. పెద్ద ఇన్వర్టరు ఏ పనీ చేయకుండా ఊరికే ఆన్‌లో ఉన్నా 20 వాట్ల దాకా లాగుతుంది. రోజంతా అలాగే వదిలేస్తే దాదాపు అర యూనిట్, అంటే మా ఫ్రిజ్ తినేంత!

గ్రైండరు పాపం అమాయకురాలు

కరెంటు కోతల రోజులు చూసిన ఆడవాళ్ళకి ఇన్వర్టరు మీద గ్రైండరు వేయాలంటే గుండె దడ. చప్పుడుకి, బరువుకి భయపడతాం. వాట్లు చూస్తే కథ వేరు. టేబుల్ మీద పెట్టుకునే గ్రైండరు 150 వాట్లు. నలభై నిమిషాలు రుబ్బినా యూనిట్‌లో పదో వంతు. 1500 వాట్ల ఎలక్ట్రిక్ కెటిల్ అయిదు నిమిషాల్లో కాఫీకి నీళ్ళు కాచేసరికి అంతకంటే ఎక్కువే తినేస్తుంది. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు పది నిమిషాలకి పావు యూనిట్, రైస్ కుక్కరు ఒక పూట అన్నానికి ఇంచుమించు అంతే. వేడి పుట్టించే వస్తువులే అసలు దొంగలు. తిరిగేవి నయం.

అందుకని వేడి పనులన్నీ గ్యాసుకి అప్పగించాం. కుక్కరు, కాఫీ, స్నానం నీళ్ళు, ఇడ్లీ అన్నీ గ్యాసు మీదే. రుబ్బడం, మిక్సీ, ల్యాప్‌టాప్ ఛార్జింగ్ పదకొండు నుంచి రెండు లోపల, ఎండ నిండుగా ఉన్నప్పుడు. అన్నట్టు, ఇండియా నుంచి తెచ్చిన 230 వోల్టుల గ్రైండరు ఇక్కడి 120 వోల్టుల మీద నడవదు. 110 వోల్టుల రకమే కొనుక్కోవాలి.

ఆ చలిలో పిండి పులవడం ఎలా అంటారా? మధ్యాహ్నం రుబ్బిన పిండి గిన్నెని బండి ముందుభాగంలో అద్దం దగ్గర పెట్టేదాన్ని. ఎండకి అక్కడ వెచ్చగా ఉంటుంది. పొద్దు వాలాక మందపాటి దుప్పటి చుట్టి, తెల్లారేదాకా కదపకుండా ఉంచితే పొంగి వచ్చేది. ఒక్క వాటు కరెంటు ఖర్చు లేదు. పెరుగుకీ అదే మంత్రం.

మూడు రోజుల ముసురు

ఎడారిలో వానేమిటి అనుకుంటాం. నాలుగో వారంలో మూడు రోజులు ముసురు పట్టింది. ప్యానెళ్ళ రాబడి రోజుకి 300 వాట్ అవర్లకి పడిపోయింది. హీటరు ఆపి రెండేసి రగ్గులు కప్పుకున్నాం. ఫ్రిజ్ తలుపు రోజుకి మూడుసార్లే తీశాను. అయినా రోజుకి 900 ఖర్చు తప్పలేదు. మూడో రోజు సాయంత్రం మీటరు చూస్తే నాలుగో వంతే మిగిలి ఉంది.

“ఏమోయ్, మాస్కు ఈ ఒక్క రాత్రికి మానేస్తాలే,” అన్నారు మా వారు.

“మీరు మానేస్తే నేను రాత్రంతా మీ ఊపిరి వింటూ కూర్చోవాలి. కావాలంటే ఫ్రిజ్ ఆపుతాను, పాలు పోతే పోతాయి,” అన్నాను.

ఇంతలో పక్క బండి పెద్దావిడ గొడుగేసుకుని వచ్చింది. డెబ్బై అయిదు దాటాయి, ఒక్కతే ఎన్నో చలికాలాలుగా అక్కడికి వస్తోంది. తన చిన్న జనరేటరు వాడుకోమంది. “నేనూ ఒకరి దగ్గర అప్పు తెచ్చుకునే నేర్చుకున్నాను” అని నవ్వింది. మా బండిలోని ఛార్జరు గంటకి 600 వాట్ అవర్లు ఎక్కిస్తుంది. రెండు గంటలు నడిపితే ఒక యూనిట్ పైనే వచ్చింది. ఆ రాత్రి మాస్కు పెట్టుకుని ఆయన హాయిగా పడుకున్నారు. మర్నాడు ఎండ కాసింది. నేను వేడి వేడి ఇడ్లీలు, అల్లం పచ్చడి పట్టుకుని ఆవిడ తలుపు తట్టాను.

జనరేటరు గురించి ఒక్క మాట. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు, వాసన ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కిటికీలకి, తలుపులకి కనీసం 20 అడుగుల దూరంలో, పొగగొట్టం అవతలికి తిప్పి పెట్టాలి. లా పోసాలో బండికీ బండికీ మధ్య 15 అడుగులుంటే చాలని నియమం. అంటే మన బండి ఒక్కటే చూసుకుంటే సరిపోదు, పక్కవాళ్ళ కిటికీ ఎటుందో, గాలి ఎటు వీస్తోందో కూడా చూడాలి. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా నిశ్శబ్ద వేళలు, జనరేటరు వేయకూడదు. బండిలోని కార్బన్ మోనాక్సైడ్ అలారం బ్యాటరీ కరెంటుతోనే పనిచేస్తుంది కాబట్టి, ఎంత పొదుపైనా దాని జోలికి వెళ్ళకూడదు.

కరెంటున్న పార్కుల్లోనైతే

ఈ తంటాలన్నీ ఎందుకు, కరెంటిచ్చే పార్కులోనే దిగుతాం అంటారా? నిక్షేపంగా దిగండి. అక్కడా లెక్క తప్పదు. 30 ఆంపియర్ల కనెక్షన్ అంటే ఒక్కసారికి 3600 వాట్లే. ఏసీ, మైక్రోవేవ్, నీళ్ళ హీటరు మూడూ కలిసి వేస్తే ఠక్కున ట్రిప్పవుతుంది. ఒకటి ఆపి ఒకటి వేసుకోవాలి. 50 ఆంపియర్లదైతే రెండు లైన్లు, 12,000 వాట్ల దాకా ధీమాగా ఉండొచ్చు. ప్లగ్గు వేడెక్కుతోందేమో అప్పుడప్పుడూ చేత్తో తాకి చూడండి. వోల్టేజి ఎగుడుదిగుళ్ళ నుంచి కాపాడే సర్జ్ ప్రొటెక్టరు పెట్టుకోవడం మంచిది. నెలవారీగా ఉండేవాళ్ళకి చాలా పార్కుల్లో మీటరు చూసి కరెంటు బిల్లు విడిగా వేస్తారు, దిగేముందే అడగాలి.

ఆర్‌వీ లేకపోయినా ఈ పద్దు మన ఇళ్ళకి పనికొచ్చేదే. ఇంట్లో ఇన్వర్టరుంటే ఒక్క సాయంత్రం కూర్చుని, ఏ వస్తువు ఎన్ని వాట్లో దాని వెనకున్న స్టిక్కరు చూసి రాసుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళకి రాత్రిళ్ళు నడవాల్సిన మెషిన్ ఏదైనా ఉంటే దాన్ని జాబితాలో మొట్టమొదట రాయండి. మిగతావన్నీ దాని తర్వాతే.