డోంగ్రీ నుంచి మన కుట్టుమిషన్ దాకా

ముంబై వెళ్ళినవాళ్ళం గేట్‌వే చూస్తాం, జుహూ బీచ్ చూస్తాం, సిద్ధివినాయకుడి దర్శనం చేసుకుని వచ్చేస్తాం. ఈసారి వెళితే డోంగ్రీ కూడా ఓసారి చూసి రండి. సి.ఎస్.ఎం.టి.లో లోకల్ రైలెక్కితే మసీదు స్టేషన్ తర్వాత శాండ్‌హర్‌స్ట్ రోడ్ వస్తుంది. అక్కడ దిగి కాస్త నడిస్తే చాలు.

"అక్కడ చూడ్డానికేముంది?" అంటారా? ఇరుకు వీధులు, పాత మేడలు, తోపుడుబళ్ళు. 1882లో లోకమాన్య తిలక్‌ని 101 రోజులు ఉంచిన జైలు కూడా ఇక్కడిదే. కానీ కుట్టుపని తెలిసిన మనకి నచ్చే సంగతి ఇంకొకటుంది. ఒకప్పుడు ఇక్కడ అమ్మిన ముతక నూలుబట్టకి ఈ ఊరి పేరే వచ్చింది. ఇంగ్లీషువాళ్ళ నోట్లో పడి 'డంగరీ' అయింది. చవక, గట్టిది. ఓడ తెరచాపలకీ, నావికుల దుస్తులకీ వాడేవారు. మన పిల్లలకి వేసే భుజంపట్టీల డంగరీ పేరు అక్కడిదే! దానికి చుట్టంలాంటిదే జీన్స్ గుడ్డ. జేబులకి రాగి రివెట్లు కొట్టిన ప్యాంటుకి అమెరికాలో లెవీ స్ట్రాస్, జేకబ్ డేవిస్ 1873లో పేటెంటు తీసుకున్నారు. అదీ కూలిపని చేసేవాళ్ళ కోసమే.

ఆ వీధుల్లో తిరుగుతుండగానే, అక్కడ ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఓ సంచీ నా చేతిలో పెట్టింది. మోకాళ్ళ దగ్గర చిరిగిన జీన్స్.

"అమ్మా, స్టీలు సామాన్లవాడికి వేసెయ్యకు. మొదటి జీతంతో కొనుక్కున్నది. షార్ట్స్ చేసిపెట్టు."

"నిక్కరా! నాయనమ్మ చూస్తే ఇంకేమన్నా ఉందా?" అన్నాను. అంతే, స్టేషన్ వచ్చేదాకా ఇద్దరికీ మాటల్లేవు. చివరికి రైల్లో బేరం కుదిరింది. అది జానెడు పైకి అంది, నేను మోకాలి దాకా అన్నాను. మోకాలికి నాలుగు వేళ్ళు పైకి ఖాయం చేశాం.

మీరూ చేసి చూడండి. ముందు జీన్స్‌ని ఉతికి ఆరబెట్టండి. వేసుకునే మనిషికి తొడిగించి, కావలసిన పొడవు దగ్గర సుద్దముక్కతో గీత పెట్టండి. కుచ్చు అంచు కావాలంటే గీతకి అంగుళం కింద, మడిచి కుట్టాలంటే రెండంగుళాలు కింద కత్తిరించండి. తొందరపడి గీత మీదే కోశారో, ఇక అతికించే దారి లేదు! ముందు ఒక కాలు కోసి, దాన్ని రెండోదాని మీదకి మడిచి, కుట్లు కలిసేలా సర్ది అదే కొలతకి కోయండి.

కుచ్చు అంచుకి, కోసిన చోటుకి అరంగుళం పైన మిషన్ మీద చుట్టూ ఒక కుట్టు వేయండి. చిరుగు ఆ కుట్టు దగ్గరే ఆగుతుంది. సూది 16 నంబరు పెట్టండి. పక్కకుట్టు మందంగా ఉన్నచోట తొక్కకండి, చక్రాన్ని చేత్తో తిప్పండి. లేకపోతే సూది విరుగుతుంది.

ఇప్పుడు అంచుని చూడండి. జీన్స్‌కి పడుగు నీలం, పేక తెలుపు. కుట్టు కింద అడ్డంగా ఉన్న తెల్లపోగులు సూదితో లాగేస్తే నీలిపోగులు కుచ్చులా వేలాడతాయి. నీలిమందు పోగు పైపైనే పట్టి లోపల తెల్లగానే ఉంటుంది. అందుకే జీన్స్ వెలిసేకొద్దీ అందం వస్తుంది.

తర్వాత మీ ఇష్టం. పాత నేతచీర అంచుని ఉతికి జేబు మీద కుట్టొచ్చు, గొలుసుకుట్టుతో నాలుగు పువ్వులు వేయొచ్చు. మిగిలిన కాళ్ళ గుడ్డని రెండు పొరలు చేసి కుడితే వేడిగిన్నెలు దించుకోడానికి భేషుగ్గా పనికొస్తుంది. మొదటి రెండు ఉతుకులూ విడిగా ఉతకండి.

దసరాకి వచ్చినప్పుడు మా అమ్మాయి అది వేసుకుని హాల్లోకి వచ్చింది. నేను వంటింట్లోంచే బిక్కుబిక్కుమంటూ చూస్తున్నాను. అత్తయ్యగారు కళ్ళజోడు సవరించుకుని ఎగాదిగా చూసి, "మీ మావయ్యగారు పొలానికి ఇంతే పొడుగు నిక్కరు వేసుకునేవారు. ఆ జేబు మీద అంచు నా గద్వాల చీరదేనా?" అన్నారు.

ఔనన్నాను. దగ్గరికి పిలిచి, ఆ అంచుని ఓసారి తడిమి చూసుకున్నారు.