పేరుకొనిన తేనె

మా సిరొంచ సంతలో పుష్యమాసము వచ్చినదనగా తేనె విషయమై తగవు తప్పక పుట్టును. వేసవిలోను, మరల వానలు వెనుకబడిన పిదపను అడవిలో పిండి దాచుకొనిన తేనెను గోండు, మాడియా జనులు సీసాలలో పోసి తెత్తురు. చలికి అది అడుగున తెల్లగా పలుకులు కట్టియుండును. వర్తకుడు సీసాను తలక్రిందులు చేసి చూచి, "ఇందులో చక్కెర కలిపినారు" అని వెలను సగము చేయును. నేనిక్కడ ఒక కచేరీలో గుమాస్తాగా నున్న కాలమున ఇట్టి తగవులు అనేకములు చూచితిని. ఉద్యోగము చాలించిన తరువాత దొరకిన తీరికలో దీనిని గూర్చి చదివి తెలిసికొన్న సంగతులను పాఠకమహాశయులకు విన్నవించుచున్నాను.

మా యూరు ప్రాణహిత యొడ్డున నున్నది. ఆవలి యొడ్డు తెలంగాణము. కాళేశ్వరము కడ ఈ నది గోదావరిలో కలియును. 1874 వరకు సిరొంచ ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణము. పిదప చాందా జిల్లాలో చేరి, 1982 నుండి గడ్చిరోలి జిల్లాలో నున్నది. జిల్లాలు మారినను బజారులో తెలుగు మాట మారలేదు. తేనె బేరము తెలుగు, మరాఠీ, గోండీ మూడింటను సాగును. నింద కూడ మూడింటను పడును.

ఇంతకును తేనె యేల పేరుకొనును? నూటికి ఇంచుమించు 20 పాళ్లు నీరు, 38 పాళ్లు ఫలశర్కర, 30కి పైగా ద్రాక్షశర్కర కలిసినదే తేనె. ఫలశర్కర నీటితో సఖ్యముగా నుండును. ద్రాక్షశర్కర యట్లు కాదు. అంత కొద్ది నీరు దానిని చిరకాలము కరగించి యుంచజాలదు. కలకండ చేయువారు ముదురుపాకములో దారము వ్రేలాడదీయుట మీరెరుగుదురు. ఆ దారమును పట్టుకొని పలుకులు పెరుగును. తేనెలో ఆ దారము పనిని పుప్పొడి రేణువులు, మైనపు నలుసులు చేయును. అడవిలో చేతితో పిండిన తేనెలో ఇవి మెండు గనుక అది తొందరగా పేరుకొనును. సుమారు 14 డిగ్రీల చలి దీనికి మిక్కిలి అనుకూలము. అంతకంటె మిక్కిలి చల్లనైనచో తేనె చిక్కనై చక్కెర కదలలేదు. వేడిమి హెచ్చినచో కరగిపోవును. కావుననే తగవు పుష్యమున వచ్చునుగాని వైశాఖమున రాదు.

పువ్వును బట్టియు భేదము కలదు. ఆవపూల తేనె కొన్ని వారములలోనే గడ్డకట్టును. ఫలశర్కర హెచ్చుగా నున్న తేనె సంవత్సరములు గడచినను జారుచునే యుండును. బజారులో నిగనిగలాడు తేనె పెక్కు సారులు వేడిచేసి సన్నని జల్లెడలలో వడగట్టినది. పలుకు పట్టుటకు అందులో ఆధారమే మిగులదు.

తేనెకై పొగపెట్టి చెట్టెక్కు మనిషికి చక్కెర కొని కలుపుట గిట్టునా యని నేనొక వర్తకుని అడిగితిని. ఆయన నవ్వి ఊరకుండెను. అట్లని పేరుకొనినదెల్ల శుద్ధమనుటయు సరికాదు. చక్కెరపాకమును పలుకు కట్టును. నీటిలో చుక్క వేయుట, చీమలు పట్టునా యని చూచుట మున్నగు పరీక్షలు పనికిరావు. నిజము తేల్చునది ప్రయోగశాల యొక్కటే. అది మా సంతకు బహుదూరము.

విచిత్రమేమనగా, ఇక్కడ వెల తగ్గించు గుణమునే అన్యదేశములలో పనిగట్టుకొని కలుగజేయుదురు. డైస్ అను శాస్త్రజ్ఞుడు ద్రవరూపమైన తేనెలో ఇంచుమించు పదవవంతు మెత్తగా పేరుకొనిన తేనెను కలిపి, పైన చెప్పిన చలిలోనే నిలిపి, వెన్నవలె చేయు పద్ధతికి 1935లో అమెరికాలో పేటెంటు పొందెను. ఇప్పటికిని ఆ తేనెను రొట్టెపై రాచుకొని తినుట అక్కడ వాడుక. పలుకు సన్నదైన మెత్తదనము, ముతకదైన గరగర, తేనె యొకటే.

సుశ్రుతుడు తేనె యెనిమిది విధములని చెప్పి, క్రొత్త తేనెకును ప్రాత తేనెకును వేరువేరు గుణములు చెప్పెను, ప్రాతదానిని పారవేయుమనలేదు. అయితే ఒక్క జాగ్రత్త కలదు. గడ్డలోనికి పోయిన చక్కెర తన వెంట కొద్ది నీటినే తీసికొనిపోవును. తక్కిన నీరు పైనున్న తేనెను పలుచన చేయును. అక్కడ పులుపు పుట్టవచ్చును. కావున కొనువారు మూత తీసి వాసన చూడవలెను. నురుగును, పులిసిన వాసనయు నున్నచో వెల తగ్గించుట న్యాయమే. అవి లేనిచో, అడుగున తెల్లగా నున్నదను మాటపై తగ్గించుట పేదవాని కడుపు కొట్టుటయే.

తేనెను పొయ్యిమీద కాచరాదు. చేయి పట్టునంత గోరువెచ్చని నీటిలో సీసాను నిలిపి, నీరు చల్లారినప్పుడెల్ల మార్చుచుండిన కొన్ని గంటలలో కరగును. మా యింట మాత్రము అంతసేపు ఎవరును ఆగరు. పిల్లలు గడ్డనే చెంచాతో తవ్వి జొన్నరొట్టెపై వేసికొందురు.