ఇంటికొచ్చే డిగ్రీ – ఇల్లు దాటించే చదువు



2011 జనాభా లెక్కల్లో అక్షరాస్యత బాగా తక్కువగా ఉన్న మండలాల్లో మన గట్టు ఒకటి. అక్కడి నుండి వచ్చి, మా ఇంట్లో మొట్టమొదటి డిగ్రీ పట్టా నేనే అందుకున్నాను. ఇప్పుడు ఎం.ఏ. కూడా పూర్తయింది. ఈ ఏడు మా చెల్లెలు ఇంటర్ పాసయింది. "ఫోన్లనే డిగ్రీ అయితాదంట గదా, ఇంగ హాస్టలెందుకు? ఇంటికాడుంటే పత్తి క్రాసింగుకన్నా పోతాది" అన్నాడు మా నాయిన.

దీనికి జవాబు చెప్పాలంటే యూనివర్సిటీలు ఎవరి డబ్బుతో నడుస్తాయో తెలియాలి. రాష్ట్ర యూనివర్సిటీలకు ప్రభుత్వం ఏటా బ్లాక్ గ్రాంటు ఇస్తుంది. అందులో ఎక్కువ భాగం జీతాలకు, పెన్షన్లకే పోతుంది. అభివృద్ధికి, పరిశోధనకు కేంద్రం నుండి కొంత వస్తుంది. మిగిలింది ఫీజులే. గ్రాంటు చాలనప్పుడు సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు పెరుగుతాయి, ఖాళీ పోస్టుల్లో కాంట్రాక్టు అధ్యాపకులు వస్తారు. హాస్టల్ కట్టే పని లేకుండా ఫీజు తెచ్చే దూరవిద్య కూడా వాటికి ఒక రాబడి. ఆన్‌లైన్ డిగ్రీ ఆ దూరవిద్యకు తమ్ముడు. 2018లో యు.జి.సి. దానికి నిబంధనలు తెచ్చింది. గుర్తింపు ఉన్న ఆన్‌లైన్ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని 2022లో ప్రకటించింది.

దూరవిద్య చెడ్డదని నేననను. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన తెలుగు నేల మీదే పుట్టింది. ఆచార్య జి. రాంరెడ్డి దానికి తొలి వైస్ ఛాన్సలర్. 1991లో దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు. ఇంటర్ చదవనివాళ్ళకు కూడా అర్హత పరీక్షతో అది తలుపు తెరిచింది. మా పెదనాయిన కొడుకు హైదరాబాదులో మేస్త్రీ పని చేస్తూ అందులోనే బి.ఏ. చదువుతున్నాడు. పని మానితే ఆయనకు పూట గడవదు. ఆయనకు అది వరం.

మా చెల్లెలి సంగతి వేరు. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోన్, అది నాయిన జేబులో చేనుకు పోతుంది. హాస్టల్ సీటు, మెస్ ఛార్జీలు రెగ్యులర్‌గా చదివేవాళ్ళకే. ఆన్‌లైన్‌లో చేరితే ఆమె గది, భోజనం, లైబ్రరీ ఖర్చు ప్రభుత్వానికి మిగులుతుంది. ఆ బరువు మాత్రం ఇంటి మీద, చివరకు ఆడపిల్ల మీద పడుతుంది. చదువుకోవాల్సిన గంటలు పత్తి చేనుకు పోతాయి. పి.జి. ప్రవేశ పరీక్ష ఒకటుంటుందని నాకు తెలిసింది ఏ ఫోన్లోనో కాదు, మెస్‌లో పక్కన కూర్చున్న సీనియర్ అన్న నోటి వెంట.

ఈ లెక్కంతా కాగితం మీద రాసి నాయినకు చదివి వినిపించాను. ఆయన రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు "గద్వాల్ల కాలేజీకే పెట్టు" అన్నాడు. దరఖాస్తు పెట్టాము, సీటు కోసం ఎదురు చూస్తున్నాము.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! పని చేసుకుంటూ చదవాలనుకునేవాళ్ళు యు.జి.సి. గుర్తింపు చూసుకొని ఆన్‌లైన్‌లో తప్పక చేరండి. కానీ కాలేజీకి పోగలిగిన పిల్లను ఇంట్లో కూర్చోబెట్టడానికి ఆ డిగ్రీని సాకు కానివ్వకండి. మెస్ ఛార్జీలు పెంచమని, అధ్యాపకుల ఖాళీలు నింపమని అడగడం మానకండి. అది మన హక్కు.