ఇద్దరు ఆపాలు, ఐదు కమీజులు

అబ్బా ఇంతెఖాల్ అయ్యాక ఆయనవి ఐదు కమీజులు మిగిలాయి. నిషానీగా నాకంటే నాకని ఆపాలిద్దరూ పట్టుబట్టారు. అమ్మీ వాటిని పంచలేదు. తన పాత దుపట్టాలు జతచేసి రెండు బొంతలు కుట్టింది.

బొంతకి తికోనా ముక్కలు కావాలంటే చాలామంది ముందే చౌకోర్‌ని మూలకి కోసేస్తారు. ఏటవాలుగా కోసిన అంచు సాగుతుంది. ఉతికి ఉతికి మెత్తబడిన గుడ్డైతే ఇంకా సాగుతుంది. కుట్టేసరికి ముక్క వంకరపోతుంది. మామూలు కతరన్ అయితే పారేయొచ్చు. అబ్బా కమీజు మళ్లీ ఎక్కడ దొరుకుతుంది?

అందుకే అమ్మీ ముందు కుట్టి, తర్వాత కోసింది. కమీజు చౌకోర్, దుపట్టా చౌకోర్ మంచివైపులు లోపలికి వచ్చేలా ఒకదాని మీద ఒకటి పెట్టి, మూల నుంచి మూలకి సుద్దగీత గీసింది. గీతకి రెండు పక్కలా పావు అంగుళం దూరంలో మిషన్ కుట్టు. తర్వాత గీత మీద కత్తెర. విప్పితే రెండు చౌకోర్‌లు. ఒక్కోదాంట్లో సగం అబ్బా, సగం అమ్మీ. 3 అంగుళాల ముక్క కోసం 4 అంగుళాలు కోసి, ఇస్త్రీ చేశాక 3½కి సరిచేసింది. పైన మిగిలే అర అంగుళం పక్క ముక్కల కుట్టులోకి పోతుంది.

చుట్టూ నాలుగంచులూ కుట్టి, రెండు మూలగీతల మీదా కోస్తే ఒకేసారి నాలుగొస్తాయి. కానీ బయటి అంచులన్నీ ఏటవాలే. అమ్మీ ఒప్పుకోలేదు.

ప్రతి కోతకీ ఒకటి పెద్దాపా కుప్పలోకి, ఒకటి చిన్నాపా కుప్పలోకి. హిస్సాల్లో నూలుపోగంత తేడా లేదు. పేచీ ఆగిపోయింది.

కాలర్లు, గుండీలు ఒక డబ్బాలో వేసి నాకిచ్చింది.