కిలోమీటరు లెక్క

మా పాకాలలో కొత్తగా కారు కొన్నవాడు ఓ పదిరోజులు బజారు ముఖం చూడకపోవడం మంచిది. చూశాడో, టీ కొట్టు ముందర నిలవేసి అందరూ అడిగేది ఒకటే ప్రశ్న: "లీటరుకు ఎంత ఇస్తాది?" పిల్లనిచ్చే మామగారైనా కాబోయే అల్లుణ్ణి జీతం సంగతి ఇంత సూటిగా అడగరు సుమండీ!

రైలు జంక్షను ఊళ్ళో మీకు కార్ల గొడవెందుకయ్యా అంటారేమో. ధర్మవరం పోవాలన్నా, కాట్పాడి దిగి వెల్లూరు ఆస్పత్రికి పోవాలన్నా మాకు రైలున్నమాట నిజమే. కాని అభిప్రాయాలకు పట్టాలతో పనేముంది? మా టీ కొట్టు దగ్గర మూడు మతాలున్నాయి. పెద్దవాళ్ళది అంబాసిడరు మతం. ఎంత గుంతలో పడినా లోపల కూర్చున్నవాడి నడుము కదలదంటారు. నడివయసు వాళ్ళది 1983 డిసెంబరులో పుట్టిన మారుతి 800 మతం. ఈ ఇద్దరు దేవుళ్ళూ 2014లోనే, నాలుగు నెలల తేడాలో తయారీ ఆగి వెళ్ళిపోయారు; భక్తి మాత్రం తగ్గలేదు. కుర్రకారుది ఎత్తుబండ్ల మతం. పెనుకొండ దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి గదా, "మన సీమ బండి" అని వాళ్ళ ధీమా. మూడు మతాలూ ఏకమయ్యేది ఒక్క బ్యాటరీ దగ్గరే. రేణిగుంట పక్కన కరకంబాడిలో మొదలైన అమరరాజా వారి సరుకంటే అందరికీ సొంత ఊరి అభిమానం.

ఈ వాదాలన్నీ నాకు వినోదంగానే ఉండేవి, మా బావమరిది పెద్ద కారు కొంటానని వచ్చేదాకా. దామలచెరువు దగ్గర వాడికి మామిడితోట ఉంది. దాన్ని తాకట్టు పెట్టి 12 లక్షలు అప్పు తెస్తాడట.

"లీటరుకు 18 ఇస్తాది బావా. ఇంక ఖర్చేముంది? పైగా కారంటే ఆస్తి, మా నాయన ఎప్పుడూ చెప్పేవాడు" అన్నాడు.

నేను మాట్లాడకుండా నోటుబుక్కు తీశాను. మా చిన్నకారు ఐదేళ్ళ జమాఖర్చు అందులో ఉంది. అన్నీ కలిపి 6 లక్షలకు కొన్నాం. ఏడాదికి 5,000 కిలోమీటర్లు తిరిగింది. పెట్రోలుకు ఏటా 34,000 రూపాయలు, బీమాకు 15,000, సర్వీసుకూ టైర్లకూ 12,000. ఇంతవరకు అందరూ వేసే లెక్కే. కాని బీమా కంపెనీలవాళ్ళకు ఒక పట్టీ ఉంది. దాని ప్రకారం ఐదేళ్ళు నిండేసరికి కారు విలువ సగానికి దిగుతుంది. అంటే ఏటికి 60,000 రూపాయలు మనకు చెప్పకుండానే వెళ్ళిపోయాయన్నమాట. అన్నీ కూడితే 1,21,000. కిలోమీటరుకు 24 రూపాయల చిల్లర! అందులో పెట్రోలు వాటా 7 రూపాయలైనా లేదు. మనం ఊరంతా అడిగేది ఆ 7 రూపాయల సంగతి. అసలు పెద్ద ఖర్చు బండి షెడ్డులో నిద్రపోతున్నప్పుడు కూడా జరుగుతూనే ఉంటుంది.

అలాగని మా మామగారి మాట అబద్ధమనను. 1960లలో ఫియట్ కారుకు డబ్బు కట్టి ఏళ్ళ తరబడి వంతు కోసం కాచుకోవలసి వచ్చేది. కొత్తది దొరకనప్పుడు పాతదానికి గిరాకీ ఉంటుంది గదా. అప్పుడు కారు ఆస్తే. ఇప్పుడు అడిగిన వారానికి ఇంటిముందు నిలబెడుతున్నారు. 2025 సెప్టెంబరులో చిన్నకార్ల మీద పన్ను 18 శాతానికి దించారు. కొత్తవాటి ధర తగ్గిందని అందరూ సంతోషించారు. అదే పూట మన షెడ్డులోని పాతదాని ధర కూడా దిగిందని గమనించినవాళ్ళు తక్కువ.

"మరి అప్పు సంగతి చూడు" అన్నాను. "12 లక్షలకు 9 శాతం వడ్డీ, ఏడేళ్ళు. నెలకు 19,000 పైచిలుకు. తోట నెలనెలా కాస్తుందా? 2025లో తోతాపురి ధర పడిపోయి, కిలోకు 4 రూపాయలు ప్రభుత్వం చేర్చి ఇవ్వవలసి వచ్చింది. మరిచావా?"

వాడు తల గోక్కున్నాడు. ఇంతలో మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది.

"పోయినేడు అర్ధరాత్రి మా అమ్మకు ఆయాసం వస్తే మన బండిలోనే గదా తిరుపతికి తీసుకుపోయాం. ఆ 40 కిలోమీటర్లకు కూడా 24 చొప్పున రాశారా?" అంది.

నిజమే, ఆ రాత్రి విలువ వేయడానికి నా పుస్తకంలో గడి లేదు. చంద్రగిరి దాటేదాకా వెనకసీట్లో తల్లి చెయ్యి పట్టుకుని ఈవిడ నోరెత్తలేదు. కారు దండగని ఆనాటినుంచి నేనెవరితోనూ అనను.

బావమరిది ముఖం వికసించింది. "అట్ల చెప్పక్కా!" అన్నాడు.

"నువ్వు ఎగరబాకరా" అంది మా ఆవిడ. "అమ్మను ఆస్పత్రికి చేర్చింది ఈ చిన్నబండే. తోట తాకట్టు పెట్టి పెద్దది కొన్నంత మాత్రాన తిరుపతి దగ్గరికి జరిగి రాదు."

తర్వాత నేను వాడికి చెప్పింది చిన్నమాటే. అవసరానికి బండి కావాలంటే నాలుగైదేళ్ళు వాడిన చిన్నది చూసుకో. మొదటి యజమాని సగం విలువ మోసిపెట్టి ఉంటాడు. కొన్నాక పదేళ్ళు వదలకు. మైలేజీ అడిగేముందు ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతావో నిన్ను నువ్వు అడుగు.

"ఈసారి కాయ దిగినాక చూస్తాంలే బావా" అని వెళ్ళాడు. వాడి తోట పత్రాలు ఎప్పటినుంచో మా ఇంటి బీరువాలోనే ఉన్నాయి. తాళంచెవి మాత్రం మొన్నటినుంచి మా ఆవిడ కొంగున కనిపిస్తోంది.